చెలమ నీళ్ళు

రేపల్లె నుంచి తెనాలి వచ్చే మధ్యాహ్నం పాసింజరు వేమూరు స్టేషన్లో అంతసేపు ఎందుకు నిలిచిపోయిందో పాఠకులు మరిచిపోయి ఉండరు. రోహిణి కార్తె ఎండ. మూడో తరగతి పెట్టెలో, ఎండుచేపల గంపతో నిజాంపట్నం నుంచి వస్తున్న పిచ్చమ్మ అనే ముసలమ్మ వడదెబ్బకు స్పృహ తప్పి ఆ గంప మీదే ఒరిగిపోయింది. కోడలు సుబ్బులు గొల్లుమంది. గాలి కూడా ఆడకుండా మూగిన జనంలో ఒకరు తాళంచెవుల గుత్తి ముసలమ్మ గుప్పిట్లో పెట్టారు. ఒకరు ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పట్టారు. ఇంకొకాయన గోలీసోడా కొట్టించి నోట్లో పోయబోతుంటే, గార్డు చంద్రశేఖరం జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆ సీసాను ఒక్క దెబ్బతో కింద పడగొట్టాడు. ముసలమ్మను నీడలోకి దింపించి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, సోడాల కోటయ్య దగ్గరున్న మంచుగడ్డంతా గుడ్డల్లో చుట్టి ఆమె చంకల కిందా మెడ పక్కనా పెట్టించి, అదే బండిలో తెనాలి ఆసుపత్రికి చేర్చాడు.

అది నిన్నటి సంగతి. ఇవాళ మిట్టమధ్యాహ్నమైంది. పిచ్చమ్మ ఇంకా కళ్ళు తెరవలేదు.

మంచం పక్కన ఇనప స్టూలు మీద చంద్రశేఖరం కూర్చుని ఉన్నాడు. తెల్లవారుజామున బండెక్కి రేపల్లె దాకా వెళ్ళి వచ్చాడు. డ్యూటీ దిగిన మనిషి తిన్నగా క్వార్టర్సుకు వెళ్ళి ఇంత తిని పడుకోవాలి. కాళ్ళు ఆ దారి పట్టలేదు. యూనిఫారం కోటు గుండీలు విప్పుకుని, కళ్ళలో ఇసుక పోసినట్టుంటే రెప్పలు గట్టిగా మూసి తెరుస్తూ, ముసలమ్మ పొట్ట లేవటం, పడటం చూస్తున్నాడు. లేస్తోంది. పడుతోంది. ఇంతకన్నా ఈ లోకంలో తను అడగవలసింది ఏమీ లేదనిపించింది.

ఉదయం డాక్టరుగారు చూసి, "నిన్నటి మీద ఒంటి వేడి తగ్గిందండి. సెలైన్ ఎక్కుతోంది. సాయంత్రం లోపల తెలివి వస్తే బతికినట్టే. నోటికి మాత్రం ఏమీ ఇవ్వొద్దు" అని చెప్పి వెళ్ళారు.

వార్డులో గాలి నిప్పుల మీదుగా వచ్చినట్టుంది. ఎవరూ అడక్కుండానే నర్సు సామ్రాజ్యం కిటికీకి తడిపిన గోనెపట్టా కట్టింది. అటుగా వెళ్ళినప్పుడల్లా దాని మీద చెంబెడు నీళ్ళు చల్లిపోతోంది. రాత్రంతా విసిరి విసిరి అలిసిపోయిన సుబ్బులు, కింద కూర్చుని మంచంకోడుకు తల ఆనించి నిద్రపోయింది. ఆ తలకూ ఇనప కోడుకూ మధ్య మడతపెట్టిన దుప్పటి ముక్క ఉంది. అది ఎవరు పెట్టారో చంద్రశేఖరానికి తెలియదు. పెట్టినవాళ్ళు చల్లగా ఉండాలనుకున్నాడు.

ఇంకాసేపట్లో ఆయనకు క్యారియరు వస్తుంది. భార్య మాణిక్యాంబ పోయి తొమ్మిదేళ్ళైనా, అత్తగారు కామేశ్వరమ్మ అల్లుణ్ణి విడిచి వెళ్ళలేదు. బాపట్లలో ఉన్నన్నాళ్ళూ బాపట్లలో, తెనాలి బదిలీ అయ్యాక తెనాలిలో, వేళకు వండి పెడుతూనే ఉంది. ఆవిడ పాతకాలపు మనిషి. అల్లుడి ఎదుట నిలబడి మాట్లాడదు. "అన్నం చల్లారిపోతోంది", "పాలవాడు రాలేదు" అని తలుపు చాటు నుంచే, గోడకు చెబుతున్నట్టు చెబుతుంది. ఆయన కూడా గోడకే జవాబు చెబుతాడు. తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో ఇద్దరు మనుషులూ ఒక తలుపూ కాపురం చేస్తున్నారు.

వార్డు చివర అడుగుల చప్పుడైంది. క్యారియరేమోననుకుని తలెత్తాడు.

కాదు. ముప్పై ఏళ్ళ మనిషి. సముద్రపు ఎండకు నల్లబడ్డ దేహం, మోకాళ్ళ పైకి కట్టిన పంచె, పిక్కల మీద ఇంకా తెల్లగా ఉప్పు చారలు. రెండు చేతుల్తో ఒక సత్తుచెంబును గుండెలకు పొదువుకుని వస్తున్నాడు. చెంబు మూతికి గుడ్డ కట్టి ఉంది. అతను తిన్నగా మంచం దగ్గరకు వచ్చి తల్లి ముఖం వంక చూశాడు. తర్వాత చంద్రశేఖరం కోటు వంక చూశాడు.

"గార్డు బాబంటే మీరేనా?"

"నేనే. నువ్వు నాంచారయ్యవా? పిచ్చమ్మగారబ్బాయివా?"

"గారు కూడానా!" నాంచారయ్య నవ్వాడు. అందులో నవ్వు లేదు. "మా అమ్మ నోటికాడికొచ్చిన సోడా కొట్టేసింది తమరేనంటగా? పొద్దున పడవ దిగేసరికి ఊరంతా అదే మాట. కుక్క నాలిక బయటేసుకొస్తే చిప్పలో ఇన్ని నీళ్ళు పోత్తారండి. మా అమ్మ చేసిన పాపమేంటో చెప్పండి. చేపల కంపు కొడతందనా?"

సుబ్బులు ఉలిక్కిపడి లేచింది. "ఓయమ్మో, ఎప్పుడొచ్చావు? ఆయన్నేం అనమాక. అత్త చంకల కింద మంచు ఆ బాబే పట్టుకు కూచున్నాడు, తెనాలి దాకా. కంపంటావేంటి?"

"నువ్వూరుకోయే. పక్కనే ఉండి గుక్కెడు నీళ్ళు పోయించలేకపోయావు, నువ్వొక కోడలివి!"

సుబ్బులు నోట కొంగు కుక్కుకుంది. చంద్రశేఖరానికి ఆ మాట తనకే తగిలినట్టైంది. "ఆవిడ్నేం అనొద్దు నాంచారయ్యా. ఆపింది నేను."

నాంచారయ్య చెంబు మూతికున్న గుడ్డ విప్పసాగాడు. అంత లావు వేళ్ళు ఆ చిన్న ముడి దగ్గర తడబడుతున్నాయి.

"ఇయ్యి ఏం నీళ్ళో తెలుసాండి మీకు? చెలమ నీళ్ళు. మా పేటలో బావులన్నీ ఉప్పు. తెల్లారకముందే లేచి, ఇసకలో చెలమ తవ్వి, చిప్పతో తోడి తోడి కడవ నింపుద్ది మా అమ్మ. నిన్న బండికొచ్చే ముందు నింపిందే ఇది. ఆ కడవ ఇంకెవరూ ముట్టుకోలేదు." విప్పిన గుడ్డ భుజాన వేసుకున్నాడు. "మా నాన్న సముద్రంలో పోయాడండి. చుట్టూ నీళ్ళే. నోట్లోకి మాత్రం మంచినీళ్ళ చుక్క లేదు. అప్పట్నుంచి ఒకటే మాట మా అమ్మది. 'ఒరే, నేనట్టా దాహంతో పోనురా. నీ చేత్తో నాకు చెలమ నీళ్ళు పొయ్యాల' అని. ఒట్టేయించుకుంది. మరి ఇప్పుడు పొయ్యకపోతే ఇంకెప్పుడు పొయ్యాలి? చెప్పండి!"

చెబుతూనే ఎడమచేయి తల్లి మెడ కిందకు పోనిచ్చి, పక్కకు తిరిగి ఉన్న ఆమెను వెల్లకిలా తిప్పి తల పైకెత్తాడు. ముసలమ్మ దవడ వేలాడింది. గొంతులో గురక లాంటి చప్పుడు.

ఆ చప్పుడు చంద్రశేఖరానికి తెలుసు.

స్టూలు ఎప్పుడు కింద పడిందో ఆయన ఎరగడు. కుడిచేయి చాచి ముసలమ్మ నోటిని అరచేత్తో కప్పేశాడు.

"పొయ్యి" అన్నాడు. "నా చేతి మీద పొయ్యి. దాని కిందకి మాత్రం ఒక్క చుక్క పోనివ్వను."

"చెయ్యి తియ్యండి."

"తియ్యను."

"తెప్ప తెడ్డు పట్టే చెయ్యండి నాది. ఇరుగుద్ది తమది."

"ఇరగనీ. ముందు అమ్మ తల దించు. పక్కకి తిప్పు. ఆ గురక వింటున్నావా? నాలుక వెనక్కి పడుతోంది. నువ్వు నీళ్ళు పొయ్యకుండానే ఊపిరాడకుండా చేస్తున్నావు."

ఆ చివరి మాటకు నాంచారయ్య బెదిరాడు. తల దించాడు. చంద్రశేఖరం ముసలమ్మను మళ్ళీ పక్కకు తిప్పి, పై కాలు మోకాలి దగ్గర మడిచి, గడ్డం కొంచెం ముందుకు లాగి, చెంప కింద ఆమె చేతినే దిండులా సర్దాడు. గురక ఆగింది. పొట్ట లేచింది, పడింది.

"విను. మెలకువగా ఉన్న మనిషి గొంతులో ఒక తలుపుంటుంది. నీళ్ళొస్తే అది ఊపిరి గొట్టాన్ని మూస్తుంది. స్పృహలేని మనిషికి ఆ తలుపు పడదు. పోసిన నీళ్ళు తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీకు నేను చెప్పాలా? పడవ కింద ఎన్ని నీళ్ళున్నా ఫరవాలేదు, పడవలోకి వస్తే ఏమవుతుంది?"

"ఇదంతా పుస్తకంలో రాశారాండి?"

"రాశారు."

"రాసినాయనకి అమ్మ లేదేమో!"

చంద్రశేఖరం పడిపోయిన స్టూలు తీసి నిలబెట్టి దాని మీద కూర్చున్నాడు. ఇక పాఠం చెప్పే ఓపిక లేదు. పాఠం ఈ మనిషికి ఎక్కదని కూడా అర్థమైంది. నాంచారయ్య ఇంకా చెంబు పట్టుకునే ఉన్నాడు. తను కునుకు తీస్తే, నర్సు అటు తిరిగితే పోస్తాడు. రేపు పొద్దున డ్యూటీకి వెళితే పోస్తాడు. ప్రేమతో పోస్తాడు. ఆపటానికి చేతులు చాలవు.

మిగిలింది ఒక్కటే. తొమ్మిదేళ్ళుగా ఎవరికీ చెప్పనిది.

"నేను పోశాను నాంచారయ్యా" అన్నాడు.

"ఏంటండి?"

"నీళ్ళు. నా భార్యకి." ఆయన నేల వంక చూస్తూ చెప్పాడు. "బాపట్లలో ఉండేవాళ్ళం అప్పుడు. తనకి టైఫాయిడ్ వచ్చి తగ్గింది. లేవొద్దన్నారు. నేను డ్యూటీ నుంచి వచ్చానని కాఫీ పెడదామని లేచింది. వంటింటి గుమ్మంలో పడిపోయింది. నేను పరిగెత్తుకెళ్ళి, నువ్విప్పుడు ఎత్తావే, అలాగే తల ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, గ్లాసుతో నీళ్ళు పోశాను. రెండు గుక్కలు మింగిందనుకున్నాను. మింగలేదు. గొంతులో గరగరమంది. ఇప్పుడు విన్నామే, ఆ చప్పుడే. డాక్టరు వచ్చేసరికి పెదాలు నీలంగా అయిపోయాయి. ఆ పడిపోవటం మామూలు నీరసమేనట. పక్కకి తిప్పి పడుకోబెట్టి ఊరుకుంటే పావుగంటలో తనే లేచేదట."

సుబ్బులు అత్త చెంప కింది చేతిని మళ్ళీ సరిచేసింది.

"మీకు తెలీదు గదండి అప్పటికి" అన్నాడు నాంచారయ్య. గొంతులో పొగరు పోయింది.

"అదే చెబుతున్నాను. తెలుసు. అప్పటికి రెండేళ్ళ ముందే రైల్వేవాళ్ళు నేర్పారు. పరీక్ష రాయించారు. 'స్పృహలేని మనిషికి నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు' అని నా చేత్తోనే రాశాను. సర్టిఫికెట్ ఇస్తే పటం కట్టించి గోడకి తగిలించింది మాణిక్యమే. ఆ పటం కిందే పోశాను. పాఠం నోటికి వచ్చింది. చేతికి రాలేదు. మనవాళ్ళు పడిపోతే చెయ్యి నీళ్ళకోసమే వెతుక్కుంటుంది."

వార్డులో గోనెపట్టా నుంచి నీళ్ళు బొట్లుబొట్లుగా గచ్చు మీద పడుతున్న చప్పుడు వినబడుతోంది.

"పక్కనెవరూ లేరాండి? పొయ్యమని ఎవరన్నా చెప్పారా?"

చంద్రశేఖరం కోటు గుండీ ఒకటి పెట్టుకుని, మళ్ళీ విప్పాడు.

"లేదు. ఎవరూ చెప్పలేదు. నా అంతట నేనే పోశాను."

నాంచారయ్య మెల్లగా గచ్చు మీద చతికిలబడ్డాడు. చెంబు ఒళ్ళో పెట్టుకుని దానిలోకి చూశాడు. ఆ నీళ్ళలో అతనికి ఏం కనిపిస్తోందో!

"మరి నా ఒట్టో?" అన్నాడు చివరికి, చిన్నపిల్లవాడిలా. "ఈ లోపల పోతేనో? నేనేం మొహం పెట్టుకుని సముద్రం మీదకి పోను?"

జవాబు మంచం అవతలి వైపు నుంచి వచ్చింది. సామ్రాజ్యం ఎప్పుడు వచ్చి నిలబడిందో, చేతిలో శుభ్రమైన చిన్న గుడ్డముక్క ఉంది.

"గొంతులో పొయ్యకూడదు గాని, పెదాలు తడపొచ్చయ్యా" అంది. "ఇందాకట్నుంచి నేను తడుపుతూనే ఉన్నా, పంపు నీళ్ళతో. నీ నీళ్ళతో నువ్వు తడుపు. ఏం సార్?"

చంద్రశేఖరం ఆమె వంక కృతజ్ఞతగా చూశాడు. ఇంత చిన్న దారి తనకెందుకు తట్టలేదు?

"తడుపు" అన్నాడు. "గుడ్డ ముంచి గట్టిగా పిండు. ఒక్క బొట్టు కూడా కారకూడదు. పెదాల మీద అద్దు, అంతే. లోపలికి పోనివ్వకు."

నాంచారయ్య చేతులు కడుక్కుని వచ్చాడు. గుడ్డను చెంబులో ముంచి, తెప్ప తాడు పిండినట్టు పిండాడు. తల్లి ముఖం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, చీలిపోయి నల్లబడ్డ ఆ పెదాల మీద అద్దాడు. మళ్ళీ ముంచాడు, పిండాడు, అద్దాడు. వలకంతలు కుట్టుకునే మనిషి ఓపిక అది. సుబ్బులు విసనకర్ర అందుకుంది. చంద్రశేఖరం పొట్ట వంకే చూస్తూ కూర్చున్నాడు. ఒకసారి కునుకు పట్టి తల వాలింది. లేచేసరికి సుబ్బులు విసురుతున్న గాలి తన వైపు కూడా తగులుతోంది.

రేపల్లె వెళ్ళే బండి కూత వినిపించింది. అంటే మూడు దాటింది.

"బాబూ!" నాంచారయ్య కేక వేశాడు. "చూడండి, చూడండి!"

పిచ్చమ్మ నాలుక కొస బయటికి వచ్చి పై పెదవి మీద తడిని వెతుక్కుంటోంది. ఒకసారి దగ్గింది. కనురెప్పలు అదిరి, సగం తెరుచుకున్నాయి. చూపు కాసేపు ఎటో తిరిగి, కొడుకు ముఖం మీద నిలిచింది. పెదాలు కదిలాయి. నాంచారయ్య చెవి దగ్గరకు పెట్టాడు.

"కడవ మీద... మూత పెట్టొచ్చావంట్రా?"

"పెట్టానమ్మా! పెట్టాను!" అని భోరుమన్నాడు నాంచారయ్య.

"పెట్టుండడు" అంది సుబ్బులు, ఏడుస్తూ నవ్వుతూ. "కాకులన్నీ అందులోనే ఉండుంటాయి."

"నీళ్ళు పొయ్యనా బాబూ? ఇప్పుడు పొయ్యొచ్చా?"

"ఉండవయ్యా, ఉండు!" సామ్రాజ్యం అతన్ని పక్కకు జరిపింది. "అవ్వా, నీ పేరేంటి?" అడిగింది. చెప్పింది ముసలమ్మ. "నా వేళ్ళు పట్టుకో, గట్టిగా." పట్టుకుంది. "ఏదీ, ఒకసారి దగ్గు." దగ్గింది. అప్పుడు వీపు వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టి, ఒక చెంచా తెచ్చి నాంచారయ్య చేతికిచ్చింది. "సగం చెంచా. అది మింగాక ఇంకో సగం. అంతే. నేను పోయి డాక్టరుగారికి కబురు చెప్పొస్తా."

నాంచారయ్య చెంచా తల్లి నోటికి అందించాడు. చంద్రశేఖరం ముందుకు వంగి ముసలమ్మ గొంతు వంకే చూశాడు. ముడతలు పడ్డ ఆ చర్మం కింద చిన్న ఉండ లాంటిది పైకి లేచి, కిందకి దిగింది. గుటక. చప్పుడు లేదు, దగ్గు లేదు. తొమ్మిదేళ్ళ కిందట తను చూడకుండానే చూశాననుకున్నది ఇదే.

కళ్ళు మసకలయ్యాయి. ఎవరూ చూడకుండా తుడుచుకోవాలని లేచి వరండా వైపు నడిచాడు.

తలుపు పక్కనున్న బల్ల మీద క్యారియరు ఉంది. ముట్టుకుంటే చల్లగా తగిలింది. తెరిచి ఉన్న తలుపు రెక్క కింద నుంచి తెల్లచీర అంచు కనిపిస్తోంది.

"ఎప్పుడొచ్చారు?" అని ఎప్పటిలా గోడను అడిగాడు.

"పన్నెండున్నరకి" అంది తలుపు చాటు నుంచి కామేశ్వరమ్మ గొంతు.

చంద్రశేఖరం లెక్క వేసుకున్నాడు. నాంచారయ్య వచ్చింది కూడా అప్పుడే. రెండున్నర గంటలు. డెబ్బై ఏళ్ళ మనిషి ఆ తలుపు వెనక నిలబడే ఉంది. లోపలి మాటలన్నీ వింది. "కూర్చోలేకపోయారా?" అన్నాడు.

తలుపు రెక్క కదిలింది. కామేశ్వరమ్మ చాటు వదిలి ఇవతలకు వచ్చి ఆయనకు ఎదురుగా నిలబడింది. మాణిక్యం పోయిన రోజు తర్వాత ఆవిడ ముఖాన్ని ఇంత దగ్గరగా చూడటం ఇదే. ఎంత ముసలిదైపోయింది! నుదురు అచ్చం మాణిక్యం నుదురే. ఇన్నేళ్ళూ అది తలుపు వెనక ఉండిపోయింది.

"ఆ అబ్బాయితో అబద్ధం చెప్పావు" అంది. "ఎవరూ పొయ్యమనలేదన్నావు. 'పెదాలు ఎండిపోతున్నాయి, పొయ్యి నాయనా' అని ఆ గ్లాసు నీ చేతికిచ్చింది నేను."

"ఇప్పుడవన్నీ ఎందుకండి. గ్లాసు ఎవరిచ్చినా పోసింది నా చెయ్యి."

"నాకు తెలియకూడదనే కదా, ఇన్నేళ్ళూ నీ గుండెలో పెట్టుకున్నావు? ఆ నీళ్ళే ప్రాణం తీశాయని వరండాలో డాక్టరు నీతో అన్న మాట నేనా రోజే విన్నాను. విన్నానని నీకు తెలియకూడదని నేనూ దాచాను." ఆవిడ ఊపిరి తీసుకుంది. "అదొక్కటే కాదు. ఆ పూట నువ్వు డ్యూటీ నుంచి రాకముందు మాణిక్యం నాతో ఒక మాట చెప్పింది. నువ్వు రాగానే నీకు చెప్పమంది. అది తలుపు చాటు నుంచి చెప్పే మాట కాదు. ఎదుటికొచ్చి చెప్పే ధైర్యం నాకు ఇవాళ్టిదాకా రాలేదు."

కామేశ్వరమ్మ క్యారియరును పక్కకు జరిపి, బల్ల మీద ఒక చివర కూర్చుంది. రెండో చివర చేత్తో చూపించింది.

"కూర్చో, చంద్రశేఖరం" అంది.

తొమ్మిదేళ్ళలో ఆవిడ నోటి వెంట తన పేరు వినటం ఆయనకు అదే మొదలు. లోపల నాంచారయ్య రెండో చెంచా పోస్తున్నాడు. చంద్రశేఖరం కూర్చున్నాడు.